రోజును వరుసగా చదవడం: సరిహద్దు ఊళ్ల దినచర్యలకూ ప్రయాణాలకూ నమూనా కట్టే విధానం

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒక ఇల్లాలి పగటిని ఊహించండి. ఎనిమిదింటికి వంట ముగించి, చిన్నవాడిని బడి దగ్గర దించి, అదే దారిలో మందుల దుకాణానికి వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో హద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం చేరి, మంచం పట్టిన తల్లికి అన్నం పెట్టి, బడి వదిలే వేళకు తిరిగి వచ్చి, పిల్లవాడిని తీసుకుని ఇల్లు చేరుతుంది. రవాణా ప్రణాళికల్లో దశాబ్దాలుగా వాడుతున్న నాలుగు అంచెల పద్ధతి (ఎన్ని ప్రయాణాలు, ఎక్కడికి, ఏ వాహనం మీద, ఏ దారిన అని విడివిడిగా లెక్కించేది) ఈ పగటిని ఐదు ప్రయాణాలుగా ముక్కలు చేస్తుంది. మొదటిదీ చివరిదీ ఇంటికి సంబంధించినవిగా, నడుమ మూడూ ఇంటితో సంబంధం లేనివిగా వేర్వేరు ఖాతాల్లో పడతాయి. ఆ మూడింటినీ చేసింది ఒకే తల్లి అన్న సంగతి అక్కడితో చెరిగిపోతుంది. రేపు బడి గంట ముందే వదిలితే ఆమె తన తల్లిని చూడలేకపోతుంది. ఆ ముక్కల లెక్కలో మాత్రం ఆటో ప్రయాణం అలాగే ఉంటుంది, ఎందుకంటే బడి గంటకూ ఆటోకూ ఉన్న ముడిని ఆ లెక్క ఎన్నడూ నమోదు చేయలేదు.

రోజును ముక్కలుగా కాక వరుసగా చూసే నమూనాను, అంటే ఊరి జనం రాకపోకలను లెక్కల్లో తిరిగి నిలిపే మోడల్‌ను, అడుగడుగునా ఎలా కట్టాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలన్నీ గజపతి జిల్లా, దానికి ఆనుకున్న శ్రీకాకుళం జిల్లా పల్లెల జీవనాన్ని మనసులో పెట్టుకుని కల్పించినవి. రాయగడ, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగువారికి కూడా ఇవి పరిచితంగానే తోస్తాయి.

ముందుగా ప్రశ్నను తేల్చుకోండి

నమూనా దేనికి కావాలో ఒక్క వాక్యంలో రాయలేకపోతే పని మొదలుపెట్టకండి. "పర్లాకిమిడి ప్రజల రాకపోకలను అర్థం చేసుకోవాలి" అనేది ప్రశ్న కాదు. "ఉదయపు బస్సును ముప్పావుగంట ఆలస్యంగా నడిపితే, పాతపట్నం వైపు నుంచి వచ్చే విద్యార్థుల్లోనూ రోగుల్లోనూ ఎవరి రోజు కుదుటపడుతుంది, ఎవరి రోజు చెదిరిపోతుంది" అనేది ప్రశ్న. రెండోదానికి గంటల లెక్క చాలదు, పావుగంటల లెక్క కావాలి. సగటు మనిషి చాలడు, ఇంట్లో ఎవరి పని ఎవరి మీద ఆధారపడిందో తెలియాలి. ఎంత సూక్ష్మంగా వెళ్లాలన్నది ఇలా ప్రశ్నే చెబుతుంది.

మాటలను కూడా ఇక్కడే స్థిరపరచుకోవాలి. ఒక చోట ఒక ఉద్దేశంతో గడిపిన కాలాన్ని "పని" అందాం. నిద్ర, జబర్దస్తీగా వచ్చిన చుట్టాలతో కాలక్షేపం, బావి దగ్గర నిలబడడం కూడా ఈ అర్థంలో పనులే. ఇంటి నుంచి బయలుదేరి మళ్లీ ఇల్లు చేరేదాకా సాగేది "చుట్టు". చుట్టులో ముఖ్యమైన గమ్యం కాక దారిలో ఆగిన ప్రతి చోటూ "మజిలీ". ఒక వ్యక్తి ఒక రోజులో చేసిన పనులూ చుట్లూ అన్నీ కలిసిన వరుస "దినచర్య". మన ఇల్లాలిది ఒకే చుట్టు. తల్లిగారి ఇల్లు గమ్యం, వెళ్లేటప్పుడు బడి, మందుల దుకాణం, వచ్చేటప్పుడు మళ్లీ బడి మజిలీలు.

ఏవి కదలవో ముందు గుర్తించండి

స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త టోర్‌స్టన్ హెగర్‌స్ట్రాండ్ 1970లో ప్రచురించిన ఒక వ్యాసంలో మనిషి రోజును బిగించి ఉంచే కట్లు మూడు రకాలని చెప్పాడు. మొదటిది శరీరానికీ సాధనాలకూ ఉన్న పరిమితి: నిద్ర పోవాలి, తినాలి, సైకిలు వేగం కన్నా వేగంగా సైకిలు మీద పోలేము. రెండోది ఒకరితో ఒకరు కలవవలసిన అవసరం: వైద్యుడు ఉన్న వేళకే రోగి వెళ్లాలి, ఒకే మోటారు సైకిలు ఉన్న ఇంట్లో తండ్రి వచ్చేదాకా కొడుకు ఆగాలి. మూడోది అధికారం విధించేది: కార్యాలయపు వేళలు, అనుమతులు, హద్దులు.

సరిహద్దు ఊళ్లలో ఈ మూడో కట్టు మిగతా చోట్ల కన్నా బలమైనది, నమూనా కట్టేవారు తరచుగా మరిచేదీ ఇదే. పటం మీద మనిషికి అతి దగ్గరగా ఉన్న కార్యాలయం అవతలి రాష్ట్రానిది కావచ్చు. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం ఎవరి రాష్ట్ర కార్యాలయానికి వారే వెళ్లాలి. అద్దె వాహనానికి పర్మిటు ఇచ్చేది రాష్ట్రం కనుక, ఒకే దారిలో వాహనం మారవలసి రావచ్చు. కాబట్టి గమ్యాల జాబితా తయారుచేసేటప్పుడు "పది కిలోమీటర్ల లోపల ఉన్నవన్నీ" అని తీసుకోకూడదు. మందుల దుకాణం, బట్టల కొట్టు, వియ్యాలవారి ఇల్లు హద్దును లెక్కచేయవు. పింఛను, ధ్రువపత్రం హద్దును దాటవు. పని రకాన్ని బట్టి హద్దు ఒకచోట గోడ అవుతుంది, మరొకచోట గీత మాత్రమే. ఈ భేదాన్ని ఒక పట్టికగా రాసి పెట్టుకోండి. తరువాతి లెక్కలన్నీ దాని మీదే నిలుస్తాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. బడికి పంపిన తరువాత పదింటి నుంచి నాలుగింటిదాకా ఒకామెకు వెసులుబాటు ఉందనుకుందాం: 360 నిమిషాలు. ఆసుపత్రిలో 150 నిమిషాలు పడుతుంది. మిగిలింది 210. బస్సుకోసం వెళ్లేటప్పుడు 30, వచ్చేటప్పుడు 30 నిమిషాలు వేచి ఉండాలంటే 150 నిమిషాలే ప్రయాణానికి దక్కుతాయి, అంటే ఒక వైపుకు 75. ఆగుతూ పోయే బస్సు గంటకు 24 కిలోమీటర్లు నడిస్తే ఆమె 30 కిలోమీటర్ల లోపలి ఆసుపత్రికే వెళ్లగలదు. అదే వెసులుబాటుతో ఆమె మరిది మోటారు సైకిలు మీద గంటకు 36 కిలోమీటర్ల చొప్పున ఒక వైపుకు 105 నిమిషాలు, అంటే 63 కిలోమీటర్లు పోగలడు. కాలం ఇద్దరికీ ఒకటే అయినా చేరగల నేల ఒకటి కాదు. ఆమెకు 40 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రిని "ఎంపిక"గా చూపించి, దాన్ని ఆమె "ఇష్టపడలేదు" అని రాసే నమూనా ఆమె పట్ల అన్యాయం చేస్తుంది. కుదరనిదాన్ని ఇష్టం లేనిదిగా లెక్కకట్టకండి.

దినచర్యలు సేకరించడం

ఉన్న సమాచారంతో మొదలుపెట్టండి. భారత ప్రభుత్వం 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా కాల వినియోగ సర్వే జరిపినప్పుడు వాటిలో ఒడిశా ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. మొదటి దేశవ్యాప్త సర్వే 2019 జనవరి నుంచి డిసెంబరు వరకు జరిగింది. 1,38,799 కుటుంబాల్లో ఆరేళ్లు నిండిన వారి రోజును తెల్లవారుజాము నాలుగు నుంచి మరునాటి నాలుగు వరకు అరగంటల గళ్లలో నమోదు చేశారు. ఏ పనికి ఎంత కాలం పోతుందో పోల్చుకోవడానికి ఇది చక్కటి ఆధారం. అయితే ఎక్కడికి, ఏ దారిన, ఏ వాహనం మీద అన్న వివరం ప్రయాణ నమూనాకు సరిపడేంతగా అందులో దొరకదు. 2011 జనగణనలో వ్యవసాయేతర కార్మికులు పనిచోటికి ఎంత దూరం, ఏ సాధనం మీద వెళ్తారన్న పట్టిక ఉంది. అది ఆ కార్మికుల లెక్క మాత్రమే, పైగా పాతది. మిగిలినది మీరే ఇంటింటికీ వెళ్లి అడగాలి.

నాలుగు గంటలకు రోజును మొదలుపెట్టే పద్ధతినే పాటించండి. అర్ధరాత్రి నుంచి మొదలుపెడితే రాత్రి సర్వీసుకు వెళ్లినవారి రోజు నడుమ తెగిపోతుంది. పావుగంట గళ్లు మేలు. కాని గడియారం చూపించి "7:15కు ఏం చేశారు" అని అడిగితే ఎక్కువమంది ఏదో ఒక అంకె చెప్పి తప్పుకుంటారు. వారు కాలాన్ని గుర్తుపెట్టుకునే మేకులను పట్టుకోవాలి: కొళాయి నీళ్లు వచ్చే వేళ, గుణుపురం ప్యాసింజరు కూత, బడి మొదటి గంట, మధ్యాహ్న భోజనం, పశువులు ఇంటికి మళ్లే వేళ. ముందు ఆ మేకులను వారి చేతనే చెప్పించి, తరువాత ఒక్కో మేకుకూ నడుమ "దీని తరువాత?" అని అడుగుతూ పోవాలి. చివరగా "ఇది దానికన్నా ముందు చేసి ఉంటే ఏమయ్యేది?" అని ఒక్క ప్రశ్న అడగండి. వరుసకు కారణం బయటపడేది ఆ ప్రశ్నతోనే. "ముందు సంతకు వెళ్తే కూర వాడిపోతుంది" అన్న జవాబులో ఏ అంకెల పట్టికా ఇవ్వని సమాచారం ఉంటుంది.

భాష సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. గజపతి జిల్లాలో తెలుగు, ఒడియా ఇళ్లతో పాటు సవరల పల్లెలున్నాయి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరలతో మాట్లాడేందుకు వారి భాషనే నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. అంతటి కృషి మన చేత కాకపోవచ్చు. కాని ప్రశ్నావళిని తెలుగులో రాసి అప్పటికప్పుడు నోటితో మార్చి అడిగించడం మాత్రం తగదు. మూడు భాషల్లోనూ ముందే రాయించి, ఆ భాష ఇంట్లో మాట్లాడేవారి చేత అడిగించండి.

ఒక ఇంట్లో అందరి రోజూ ఒకే తేదీకి తీసుకోవాలి. భర్తది సోమవారం, భార్యది గురువారం తీసుకుంటే మోటారు సైకిలు ఎవరి దగ్గర ఉందో ఎన్నటికీ తేలదు. భర్త చేత భార్య రోజు చెప్పించకండి. అతను చూడని గంటలన్నీ "ఇంట్లోనే ఉంది" అయిపోతాయి. పేరు, ఇంటి నంబరు విడిగా దాచి, విశ్లేషణ కాగితంలో సంకేతం మాత్రమే ఉంచాలి, ముందుగా అనుమతి అడగాలి అని వేరే చెప్పనక్కర్లేదు.

పనులకు సంకేతాలు

ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో పనులు తొమ్మిది పెద్ద విభాగాలుగా ఉంటాయి. 2019 సర్వే కూడా దాన్నే అనుసరించింది. మీరు కూడా వాటికి పొసగేలా పది, పన్నెండు సంకేతాలకు మించకుండా పెట్టుకోండి. అయితే ఒక భేదాన్ని మాత్రం వదలకండి: ఇంట్లో ఉండడం వేరు, ఇంట్లో పని చేయడం వేరు. పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేసే కళాకారుడు పగలంతా ఇంటి అరుగు మీదే ఉండవచ్చు. రెండింటికీ ఒకే సంకేతం ఇస్తే అతను నిరుద్యోగిలా కనిపిస్తాడు; సరుకు కోసం, అమ్మకం కోసం అతను చేసే చుట్లు కారణం లేని తిరుగుళ్లలా తోస్తాయి. వంట చేస్తూ పిల్లవాడిని చదివించడం వంటి జమిలి పనులకు రెండో గడి ఉంచండి.

వరుసలను పోల్చడం

ఇప్పుడు ప్రతి రోజూ ఒక అక్షరాల దండగా మారుతుంది. ఇల్లు "ఇ", బడి "బ", అంగడి "అ" అయితే, పిల్లవాడిని దించి అటునుంచే అంగడికి వెళ్లి వచ్చినామె రోజు ఇ-బ-అ-ఇ. ముందు అంగడికి వెళ్లి, ఇల్లు చేరి, తరువాత బడికి వెళ్లినామె రోజు ఇ-అ-ఇ-బ-ఇ. అంగడిలో గడిపిన నిమిషాలు ఇద్దరివీ ఒకటే కావచ్చు, సగటుల పట్టికలో వారిద్దరూ కవలలే. నిజానికి ఒకరిది ఒక చుట్టు, మరొకరిది రెండు. దారి మీద వారు కనిపించే వేళలూ వేరు.

ఒక దండను మరో దండగా మార్చడానికి ఎన్ని చేర్పులు, తీసివేతలు, మార్పులు కావాలో లెక్కించి వాటి మధ్య దూరం కొలుస్తారు. లెవెన్‌స్టైన్ 1960లలో అక్షరాల దండల కోసం చెప్పిన ఈ కొలతను సామాజిక శాస్త్రంలోకి తెచ్చినవారిలో ఆండ్రూ ఆబట్ ముఖ్యుడు. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ట్రామైనర్ అనే ఉచిత ప్యాకేజీ ఈ పనంతా చేస్తుంది. దూరాలను బట్టి రోజులను గుంపులు చేయండి. కూలి రోజు, సంత రోజు, రోగి వెంట ఉన్న రోజు వంటి గుంపులు తేలతాయి. గుంపుకు పేరు పెట్టే ముందు అందులోని పది రోజులనైనా మొదటి నుంచి చివరిదాకా చదవండి. యంత్రం కలిపినవన్నీ ఒక జాతివి కావు.

నమూనాను ఎంచుకుని కట్టడం

అన్నిటికన్నా సులభమైనది మార్కోవ్ గొలుసు: అంగడి తరువాత ఎంతమంది ఇంటికి వెళ్లారు, ఎంతమంది ఆసుపత్రికి వెళ్లారు అని లెక్కించి, ఆ వాటాలతో తరువాతి పనిని నిర్ణయించడం. దీన్ని తప్పకుండా కట్టండి, కాని దాని దగ్గర ఆగిపోకండి. దానికి గతం గుర్తుండదు; ఒకే పిల్లవాడిని రెండుసార్లు బడిలో దించిరాగలదు, తీసుకురావడం మరిచిపోగలదు. తరువాత కట్టబోయే నమూనా దీనికన్నా ఎంత మెరుగో కొలవడానికి అడుగు గీతగా మాత్రం అది పనికివస్తుంది.

రెండో దారి నియమాలది. నెదర్లాండ్స్‌లో ఆరెంట్సే, టిమ్మర్‌మన్స్ రూపొందించిన ఆల్‌బట్రాస్ నమూనా "పని రోజై, ఇంట్లో చిన్నపిల్లలుండి, వాహనం లేకపోతే" వంటి నిర్ణయ వృక్షాలతో రోజును పేర్చుతుంది. మనుషులు చెప్పిన కారణాలు మీ దగ్గర నిండుగా ఉంటే ఈ దారి సహజంగా అమరుతుంది.

మూడో దారి, నేను ముందుగా సూచించేది, ఎంపికల అంచెలది. రవాణా పరిశోధకులు బౌమన్, బెన్-అకీవా 1990లలో దీన్ని దినచర్య మొత్తానికి విస్తరించారు. పై అంచెలో మనిషి రోజు తీరును ఎంచుకుంటాడు: ఇంటి పట్టున ఉండడమా, ఒక చుట్టా, రెండు చుట్లా. కింది అంచెల్లో గమ్యం, వేళ, వాహనం, మజిలీలు. ఒక్కో ఎంపికకూ అది ఆ మనిషికి ఎంత మేలో చెప్పే ఒక ప్రయోజనపు అంకె కట్టి, డేనియల్ మెక్‌ఫాడెన్ అభివృద్ధి చేసిన లాజిట్ సూత్రంతో సంభావ్యతగా మారుస్తారు. ఎంపికల విశ్లేషణలో చేసిన కృషికే ఆయనకు 2000లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

చేత్తో ఒకసారి చేసి చూడండి. ఇంటి పట్టున ఉండడానికి ప్రయోజనం 0, ఒక చుట్టుకు 0.5, రెండు చుట్లకు -0.4 అనుకుందాం. ఈ మూడింటినీ e (సుమారు 2.718) అనే సంఖ్యకు ఘాతాంకాలుగా వేస్తే 1, 1.649, 0.670 వస్తాయి; మొత్తం 3.319. భాగిస్తే సంభావ్యతలు 0.30, 0.50, 0.20. ఇప్పుడు మధ్యాహ్నం ఒక బస్సు అదనంగా వేయడం వల్ల రెండు చుట్ల ప్రయోజనం 0కు పెరిగిందనుకోండి. మొత్తం 3.649 అవుతుంది, సంభావ్యతలు 0.27, 0.45, 0.27. ఇంటి పట్టున ఉండేవారూ, ఒక చుట్టువారూ కొందరు రెండు చుట్లకు మళ్లారు. ఆ మొత్తాల సహజ సంవర్గమానం 1.20 నుంచి 1.29కి పెరిగింది. కింది అంచెలోని సౌకర్యాన్ని పై అంచెకు మోసుకుపోయేది ఈ సంవర్గమానమే. ఇది లేకపోతే బస్సు వేళ మారినా మనిషి రోజు తీరు మారదు. మళ్లీ మనం ముక్కల లెక్కకే చేరుకుంటాం. ప్రయాణ కాలం, నిరీక్షణ వంటివి ప్రయోజనాన్ని ఎంత మారుస్తాయో చెప్పే గుణకాలను అంచనా వేయడానికి పైథాన్‌లో నడిచే బయోజీమ్ అనే ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది.

వాహనాన్ని ప్రయాణానికి కాదు, చుట్టుకు కేటాయించండి. ఉదయం మోటారు సైకిలు మీద బయలుదేరినవాడు దాన్ని అంగడి దగ్గర వదిలి రైల్లో ఇంటికి రాడు. సరిహద్దు దగ్గర వాహనం మారితే ఆ నిరీక్షణను ప్రయోజనపు లెక్కలో వేరే అంశంగా ఉంచాలి. కూర్చుని ప్రయాణించిన పది నిమిషాలూ, ఎండలో నిలబడ్డ పది నిమిషాలూ మనిషికి సమానం కావు, గుణకాలు ఆ తేడాను చెప్పనివ్వండి.

ఊరి జనాన్ని కాగితం మీద నిలపడం

సర్వేలో వందల కుటుంబాలుంటాయి, నమూనాకు ఊరంతా కావాలి. గణాంకవేత్తలు డెమింగ్, స్టీఫన్ 1940లో చెప్పిన సరిపోలిక పద్ధతి ఇక్కడ ఆధారం. సర్వేలో 60 కుటుంబాలు అనుకుందాం: బండి ఉండి పిల్లలున్నవి 18, బండి ఉండి పిల్లలు లేనివి 12, బండి లేక పిల్లలున్నవి 20, రెండూ లేనివి 10. ఊళ్లో బండి ఉన్నవి 200, లేనివి 200. పిల్లలున్నవి 260, లేనివి 140 అని తెలుసు. ముందు బండి మొత్తాలకు సరిచేస్తే 120, 80, 133.3, 66.7 వస్తాయి. తరువాత పిల్లల మొత్తాలకు సరిచేస్తే 123.2, 76.4, 136.8, 63.6. ఇప్పుడు బండి ఉన్న కుటుంబాలు 199.5; తేడా అర కుటుంబమే. మరి రెండుసార్లు తిప్పితే అదీ పోతుంది.

రెండు రాష్ట్రాలనూ కలిపి ఒకే పట్టికగా సరిచేయకండి, రెండు వైపులా విడివిడిగా చేయండి. ఆంధ్ర వైపు మరో చిక్కు ఉంది: 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది కనుక 2011 జనగణన జిల్లా మొత్తాలు నేటి జిల్లాలకు వర్తించవు. గ్రామ స్థాయి నుంచి కూడుకుంటూ రావాలి.

నడిపించడం, సరిచూడడం

ప్రతి కల్పిత వ్యక్తికీ పై అంచె నుంచి కిందికి, సంభావ్యతల ప్రకారం చీటీ తీసినట్టు ఎంపికలు చేయిస్తూ పోవాలి. ఒక పని నిర్ణయమైన ప్రతిసారీ ఆ గడులను నిండినవిగా గుర్తించి, మిగిలిన ఖాళీలోనే తరువాతిది పట్టాలి. ముందుగా ఉద్యోగం, బడి వంటి కదలని పనులు. తరువాత ఇంటివారు కలిసి చేసేవి. చివరగా అంగడి, పలకరింపులు. పిల్లవాడిని దించడం ఒక్కరికే రాయాలి, కాని ఎవరో ఒకరికి తప్పక రాయాలి. ఈ పని కోసం పైథాన్‌లో యాక్టివిటీసిమ్, దారులూ వాహనాలతో సహా రోజంతా నడిపించడానికి జావాలో మ్యాట్‌సిమ్ ఉన్నాయి. దారుల పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకోవచ్చు. పల్లె దారులు అందులో ఉన్నాయో లేదో మీరే నడిచి చూసుకోండి.

సరిచూడడానికి సర్వేలో అయిదో వంతు రోజులను మొదటి నుంచీ పక్కన పెట్టి ఉండాలి. సగటు ప్రయాణాల సంఖ్య సరిపోయిందని సంతోషించకండి. చుట్టుకు ఎన్ని మజిలీలు, ఏ వేళకు ఎంతమంది బయలుదేరారు, పని నుంచి ఇంటికి కాక మరో చోటికి ఎంతమంది వెళ్లారు అన్నవి ఆడవారికీ మగవారికీ వేరుగా పోల్చండి. ఒక సంత రోజున, ఒక మామూలు రోజున సరిహద్దు రోడ్డు పక్కన కూర్చుని రెండు వైపులా వాహనాలను లెక్కపెట్టి నమూనాతో పోల్చండి.

కాలాన్ని బట్టి నమూనా మారాలి. ఆంధ్ర వైపు సాధారణంగా మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు నడుస్తాయి. ఒడిశాలోనూ ఎండలు ముదిరాక ఉదయపు బడులు పెడతారు, అయితే రెండు ఉత్తర్వుల తేదీలూ ఒకటి కానక్కర్లేదు. ఆ నడుమ వారాల్లో ఒకే వీధిలో ఒక ఇంటి పిల్లలు మధ్యాహ్నానికే వస్తారు, పక్కింటివారు సాయంత్రం వస్తారు. నాట్ల రోజుల్లో తెల్లవారకముందే చుట్టు మొదలవుతుంది. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో లక్ష్మీ పూజ ఉదయాన్నంతా ఆక్రమిస్తుంది, ఆ రోజు అంగడి చుట్లు ముందురోజుకు జరుగుతాయి. కనీసం మూడు కాలాల్లోనైనా కొద్ది కుటుంబాల దినచర్యలు తీసుకోకుండా సంవత్సరమంతటికీ వర్తించే మాట చెప్పకూడదు.

బస్సు వేళ మార్చి చూసేటప్పుడు ఆ ఒక్కటే మార్చండి, రెండు సార్లూ అవే యాదృచ్ఛిక అంకెలు వాడండి. లేకపోతే చీటీల తేడాను బస్సు ఫలితంగా పొరబడతారు. యాదృచ్ఛిక అంకెల వరుసను మొదలుపెట్టే విత్తు అంకెను మార్చి కనీసం ఇరవైసార్లు నడిపించి, ఫలితం ఎంత ఊగుతుందో చూడండి. ఆ తరువాత లాభపడ్డవారినీ నష్టపోయినవారినీ మొత్తాలుగా కాక మనుషులుగా విడదీయండి: వేళ తప్పి ఆసుపత్రి చుట్టు రద్దయినవారు ఎవరు, పిల్లవాడిని దించే బాధ్యత ఎవరి మీదికి మారింది.

చివరిగా నమూనా కల్పించిన రోజుల్లో ఓ ఇరవై తీసుకుని, మామూలు తెలుగులో, ఒడియాలో రాసి, సర్వే చేసిన వీధులకే తిరిగి వెళ్లండి. "పొద్దున్న ఏడింటికి బయలుదేరింది, బడి దగ్గర ఆగింది, పాతపట్నం వెళ్లింది, పన్నెండింటికి ఇల్లు చేరింది" అని చదివి వినిపించి, ఇలాంటి రోజు ఈ వీధిలో ఎవరికైనా ఉంటుందా అని అడగండి. "మరి పిల్లవాడిని ఎవరు తీసుకొచ్చారమ్మా?" అని వారు తిరిగి అడిగితే, ఆ ప్రశ్నను రాసుకుని ఇంటివారి పనులు పంచిన అంచె దగ్గరికి మళ్లీ వెళ్లండి.